మిర్చి యూనిట్లో మానవ హక్కులు, పర్యావరణ బాధ్యత: తొడిమల షెడ్డు నుంచి మొదలుపెట్టండి

జర్మనీ నుంచో నెదర్లాండ్స్ నుంచో కొనుగోలుదారు నలభై పేజీల ప్రశ్నావళి పంపుతాడు. మానవ హక్కుల విధానం ఉందా, బాల కార్మికులు లేరని ఎలా నిర్ధారిస్తున్నారు, కర్బన ఉద్గారాలెంత అని అడుగుతాడు. గుంటూరు చుట్టుపక్కల చాలా యూనిట్లలో దీనికి జవాబుగా ముందు తయారయ్యేది ఒక పాలసీ కాగితం. కన్సల్టెంటు దగ్గర తెచ్చుకుని, కంపెనీ పేరు మార్చి, ఫ్రేము కట్టించి ఆఫీసు గోడకు తగిలిస్తారు. ఆడిటర్ వచ్చి దాన్ని ఫొటో తీసుకుంటాడు. తర్వాత షెడ్డులోకి వెళ్లి తొడిమలు తీస్తున్న ఒకామె పక్కన కూర్చుని "నిన్న ఎన్ని కిలోలు తీశావమ్మా, ఎంత ఇచ్చారు?" అని అడుగుతాడు. పాలసీ బండారం అక్కడే బయటపడుతుంది.

అందుకే ఈ మార్గదర్శిలో వరస తిరగేశాం. షెడ్డు, కాటా, కూలి చీటీ ముందు, పాలసీ చివర. ఇక్కడ ఎండుమిర్చి శుభ్రం చేసి, కారం ఆడించి, ప్యాక్ చేసే యూనిట్‌ను ఉదాహరణగా తీసుకున్నాం. నూలు మిల్లుకైనా ఆటోనగర్ వర్క్‌షాపుకైనా ఇదే క్రమం పనికొస్తుంది.

అడుగు 1: ఎవరెవరు పనిచేస్తున్నారో రాయండి

హాజరు పట్టీలో ఉన్న పేర్లతో ఆపొద్దు. మిషన్ ఆపరేటర్లు, ప్యాకింగ్ అమ్మాయిలు, వాచ్‌మన్ అందులో ఉంటారు. తొడిమలు తీసే ఆడవాళ్లు, కూలీలను తెచ్చే మేస్త్రి పుస్తకంలో ఉంటారు. టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీలు ముఠా లెక్కలో ఉంటారు. సరుకు నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీ మీది కాకపోయినా అక్కడ పనిచేసేవాళ్లు మీ సరుకు కోసమే పనిచేస్తున్నారు. వీళ్లందరికీ వెనక పొలంలో కాయ కోసే కూలీలు ఉంటారు. ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలతో వలస వచ్చి డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఉండిపోయేవాళ్లు వీళ్లలో చాలామంది.

ఒక్కో గుంపుకూ నాలుగు సంగతులు రాయండి: ఎంతమంది, ఏ ఊరివాళ్లు, కూలి ఎవరి చేతి మీదుగా అందుతోంది, కష్టమొస్తే ఎవరికి చెప్పుకుంటున్నారు. చివరి ప్రశ్నకు "మేస్త్రికి" అనే జవాబు వచ్చిన ప్రతిచోటా గుర్తు పెట్టుకోండి. మీకు తెలియకుండా అన్యాయం జరిగే అవకాశం ఎక్కువగా ఉండేది అక్కడే.

తర్వాత ఏ సమస్యను ముందు పట్టుకోవాలో తేల్చుకోవాలి. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి 2011లో ఆమోదించిన వ్యాపార, మానవ హక్కుల మార్గదర్శక సూత్రాలు మొత్తం 31. కంపెనీకి వచ్చే నష్టంతో కాక, మనిషికి జరిగే హానితో మొదలుపెట్టమని అవి చెబుతాయి. హాని ఎంత తీవ్రం, ఎంతమందికి, జరిగాక సరిదిద్దగలమా అన్న మూడు ప్రశ్నలతో తూచాలి. కోల్డ్ స్టోరేజీని చల్లబరిచే అమ్మోనియా గ్యాసు లీకయ్యే ప్రమాదం ఏడాదికోసారి కూడా రాకపోవచ్చు, కానీ పోయిన ప్రాణం తిరిగి రాదు. అది పైన ఉండాలి. క్యాంటీన్ బల్లలు పాతబడటం కింద ఉండొచ్చు.

అడుగు 2: కిలో రేటును రోజు కూలితో సరిచూడండి

తొడిమల పనికి కిలో లెక్కన ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ. అందులో తప్పు లేదు. కానీ ముక్క రేటు (చేసిన పని లెక్కన ఇచ్చే కూలి) ఏదైనా, మామూలు వేగంతో పనిచేసే మనిషికి ఎనిమిది గంటల్లో కనీస వేతనం కంటే తక్కువ రాకూడదు. చాలా యూనిట్లు తప్పేది ఇక్కడే. చురుకైన ఇద్దరు ముగ్గురిని చూసి రేటు కట్టేస్తారు.

సరైన పద్ధతి ఇది. పదిహేను మందిని తీసుకోండి. వాళ్లలో వయసు పైబడినవాళ్లు, కొత్తగా చేరినవాళ్లు తప్పక ఉండాలి. మూడు రోజులు ఎవరెన్ని కిలోలు తీశారో గంటగంటకూ రాయండి. రకాన్ని బట్టి విడిగా రాయండి, ఎందుకంటే తేజ రకం సన్నకాయ. కిలోకు ఎక్కువ కాయలు తూగుతాయి కాబట్టి తొడిమలూ ఎక్కువే, పనీ ఎక్కువే. 334 రకానికి కట్టిన రేటే తేజకూ ఇస్తే అదే శ్రమకు తక్కువ డబ్బు చేతికొస్తుంది. ఆడవాళ్లు ఈ తేడాను మొదటి రోజే పసిగడతారు, అడిగే చోటు లేక ఊరుకుంటారు.

లెక్క ఇలా చేయాలి. మీ పనికి వర్తించే కనీస వేతనం, కరువు భత్యంతో కలిపి, రోజుకు 450 రూపాయలు అనుకుందాం (ఇది లెక్క కోసం పెట్టుకున్న అంకె మాత్రమే). ఎనిమిది గంటల్లో సగటున తేజ 25 కిలోలు అవుతోందని తేలితే కిలోకు 18 రూపాయలకు తగ్గకూడదు. 334 సగటు 30 కిలోలైతే 15 సరిపోతుంది. రాష్ట్రంలో కరువు భత్యం ఏటా ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంది. ఆ రెండు తేదీలకూ రేట్ల పట్టిక తిరగరాయాలని క్యాలెండర్లో ఎర్ర సిరాతో రాసి పెట్టుకోండి. నెమ్మదిగా పనిచేసే మనిషికి ఏ రోజైనా లెక్క కనీసం కంటే తగ్గితే, తేడా కలిపి ఇవ్వాలి.

ఇక కాటా సంగతి. శుభ్రం చేసిన కాయ తూకం మీద కూలి కడుతున్నారా, ఇచ్చిన సరుకు తూకం మీదా? తీసేసిన తొడిమలు, తాలు కాయ బరువు ఎవరి ఖాతాలో పోతోంది? తొడిమలు పోగా మిగిలిన కాయనే తూచి, రేటు మాత్రం పాతదే ఉంచితే కూలీ సొమ్ము రోజూ కొంత జారిపోతుంది. కాటా అంకెలు కూలీకి కనపడేలా తిప్పి పెట్టండి. తూనికల కొలతల శాఖ ముద్ర ఏటా వేయించండి. సంచి బరువు పేరుతో "కిలో తరుగు" కొట్టే అలవాటుంటే ఈ రోజే ఆపేయండి. ఖాళీ సంచిని తూచి ఆ బరువే తీయాలి.

లారీ రాలేదనో కరెంటు పోయిందనో కూర్చోబెట్టిన సమయానికి కూడా డబ్బు రావాలి. రమ్మంది మీరు, వచ్చింది వాళ్లు. ఓవర్‌టైం రెట్టింపు రేటుతో ఇవ్వాలి, వారానికి మామూలు పని 48 గంటలు దాటకూడదు. ముక్క రేటువాళ్లకు ఓవర్‌టైం ఉండదన్నది ఈ చుట్టుపక్కల బాగా వేళ్లూనుకున్న అపోహ. వాళ్లకూ ఉంటుంది.

ప్రతి మనిషికీ తెలుగులో చీటీ ఇవ్వండి: తేదీ, రకం, కిలోలు, రేటు, కోతలు, చేతికొచ్చింది. చదవలేనివాళ్ల కోసం వారానికోసారి ఒకరు కూర్చుని చదివి వినిపించాలి. ఇదే పనికి మగవాళ్లకు ఒక రేటు, ఆడవాళ్లకు ఒక రేటు ఉంటే అది చట్టవిరుద్ధం, చర్చే లేదు.

అడుగు 3: మేస్త్రితో రాతకోతలు

కూలి మేస్త్రికి గుత్తగా ఇచ్చేసి "మా లెక్క మేం కట్టేశాం" అనడం కుదరదు. కాంట్రాక్టర్ ఎగ్గొట్టిన వేతనం అసలు యజమానే కట్టాలని చట్టం చెబుతోంది. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాక కూడా ఇది మారలేదు. పైగా కార్మికులందరికీ నియామక పత్రం తప్పనిసరి అయింది.

చేయాల్సింది: కూలి నేరుగా కార్మికురాలి బ్యాంకు ఖాతాలో వేయండి. ఆమె ఖాతాలోనే, భర్త ఖాతాలో కాదు. మేస్త్రి కమీషన్ కంపెనీయే విడిగా, బిల్లు మీద ఇవ్వాలి. కమీషన్ కూలిలోంచి కోసే పద్ధతి ఉన్నంతకాలం మీరు ఎంత రేటు పెంచినా అది మేస్త్రి దగ్గరే ఆగుతుంది.

అడ్వాన్సుల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. సీజను ముందు కుటుంబానికి కొంత డబ్బు ఇచ్చి, అది తీరేదాకా కదలనివ్వకపోవడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వస్తుంది, ఎంత మర్యాదగా చేసినా సరే. అడ్వాన్సు ఇవ్వాల్సి వస్తే వడ్డీ లేకుండా, కాగితం మీద, వాయిదా మొత్తం ముందే చెప్పి ఇవ్వండి. బాకీ ఉన్నా మనిషి వెళ్లిపోవచ్చని అందులోనే రాయండి. ఒడిశా కూలీల ఆధార్ ఒరిజినల్స్ "పోతాయని" మేస్త్రి దగ్గర పెట్టడం కనిపిస్తే వెంటనే తిరిగి ఇప్పించి, గదికో తాళం ఉన్న చిన్న బీరువా కొనివ్వండి.

ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) పదిమంది ఉంటే, పీఎఫ్ (భవిష్య నిధి) ఇరవైమంది ఉంటే వర్తిస్తాయి. లెక్కలో మేస్త్రి మనుషులూ ఉంటారు. ఈఎస్ఐకి యజమాని వాటా 3.25 శాతం, కార్మికుల వాటా 0.75 శాతం, నెల వేతన పరిమితి 21,000 రూపాయలు. డబ్బు కట్టడంతో పని అయిపోదు. ఆ మనిషి చేతిలో బీమా నంబరు ఉందా, విజయవాడ గుణదలలోని ఈఎస్ఐ ఆసుపత్రికి ఎలా వెళ్లాలో తెలుసా అన్నది చూడండి. నెలనెలా కోత పడుతూ కార్డు రాని మనిషికి అది ఇంకో తరుగు మాత్రమే. వలస వచ్చినవాళ్లు తమ రేషన్ కార్డు మీద ఇక్కడి చౌక దుకాణంలోనే బియ్యం తీసుకోవచ్చు. ఈ మాట చెప్పడానికి కంపెనీకి పైసా ఖర్చు లేదు.

అడుగు 4: పిల్లలు షెడ్డులోకి ఎందుకు వస్తున్నారు?

"18 ఏళ్లలోపు వారికి ప్రవేశం లేదు" అనే బోర్డు ఈ సమస్యను తీర్చదు. పిల్లల్ని వదిలి రావడానికి చోటు లేక తల్లి వెంట తెచ్చుకుంటుంది. పదేళ్ల పిల్ల పక్కన కూర్చుంటుంది, కాసేపటికి తానూ నాలుగు కాయలు తీస్తుంది, కిలోలు అమ్మ లెక్కలో కలుస్తాయి. కిలో రేటు తక్కువైతే ఇంకో జత చేతులు కావాల్సి వస్తుంది. కాబట్టి దీనికి మొదటి మందు అడుగు 2లోనే ఉంది.

రెండోది, ఒక గది. కొత్త లేబర్ కోడ్ 50 మంది కార్మికులు ఉన్నచోట శిశు సంరక్షణ గది అడుగుతుంది. మీ దగ్గర ఇరవై మందే ఉన్నా పెట్టండి. షెడ్డుకు గాలి ఎదురుగా, కారం ఘాటు రాని వైపు ఉండాలి. ఫ్యాను, తాగునీరు, ఉయ్యాలలు, చూసుకోవడానికి జీతం ఇచ్చే ఒక మనిషి కావాలి. పాలిచ్చే తల్లులకు రెండు విరామాలు ఇవ్వండి, వాటిని కిలోల లెక్కలో కోయొద్దు. గది గుమ్మం పక్కనే చేతులు కడుక్కునే చోటు పెట్టడం మర్చిపోకండి. కారం చేతులతో బిడ్డను ఎత్తుకుంటే పసివాడి కళ్లు, నోరు మండిపోతాయి.

పద్నాలుగేళ్లలోపు వాళ్లను ఏ పనిలోనూ పెట్టకూడదు. 14 నుంచి 18 మధ్యవాళ్లను ప్రమాదకర పనుల్లో పెట్టకూడదు. కారం ఆడించే గది, కోల్డ్ స్టోరేజీ వైపు అసలు రానివ్వొద్దు. వయసు రుజువు లేకపోతే స్కూలు రికార్డు అడగండి. ఆధార్‌లో పుట్టిన తేదీ చాలామందికి జనవరి 1 అని ఉంటుంది, దాన్ని ఒక్కదాన్నే నమ్మొద్దు.

ఎవరైనా పిల్ల పనిచేస్తూ కనిపిస్తే ఏం చేయాలో ముందే రాసి ఉంచుకోండి. పని ఆ క్షణమే ఆపించాలి. చేసిన పనికి పూర్తి కూలి ఇవ్వాలి. తల్లిని పనిలోంచి తీసేయకూడదు. ఆమెను వెళ్లగొడితే పిల్ల రేపు ఇంకో షెడ్డులో తేలుతుంది, ఇంకా అధ్వాన్నమైన చోట. దగ్గరి ప్రభుత్వ బడి ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడి చేర్పించాలి, అవసరమైతే పిల్లల సహాయవాణి 1098కు ఫోన్ చేయాలి. వలస కుటుంబాలను తీసుకొచ్చే మేస్త్రితో సీజను మొదలవకముందే మాట్లాడి, సొంతూళ్లో సీజనల్ హాస్టల్ ఉంటే పిల్లల్ని అక్కడ ఉంచి వచ్చేలా చూడటం అన్నిటికన్నా మంచిది.

అడుగు 5: చేతులు, ఊపిరి, ఎండ, గ్యాసు

మిర్చి మంట నీళ్లకు పోదు, నూనెకు పోతుంది. అందుకే కుళాయి ఒక్కటే పెడితే లాభం లేదు. ముందు కొబ్బరి నూనె పట్టించి రుద్ది, పాత గుడ్డతో తుడిచి, ఆపైన సబ్బుతో కడగాలి. నూనె డబ్బా, గుడ్డలు, సబ్బు మూడూ అక్కడ ఉండాలి. గుడ్డ గ్లోవ్స్ ఇవ్వకండి. అవి కారాన్ని పీల్చుకుని చర్మానికి అంటిపెట్టుకుని ఉంటాయి. పల్చటి నైట్రైల్ గ్లోవ్స్ అయితే వేళ్లకు పట్టు తెలుస్తుంది, పని వేగం పెద్దగా పడిపోదు. అవి చిరుగుతాయి కాబట్టి మనిషికి రోజుకు కనీసం రెండు జతలు లెక్కేసుకోండి.

కాయ విరగకుండా, దగ్గు రాకుండా తొడిమలు తీసేముందు నీళ్లు చల్లే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఇది మానేయాలి. ఎండుమిర్చిలో తేమ 11 శాతం దాటితే బూజు, దాంతో అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తాయి. యూరప్‌లో మిర్చికి అఫ్లాటాక్సిన్ బీ1 రకం పరిమితి కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10. దుమ్ముకు మందు గాలి ఆడటం: ఒకవైపు కిటికీలు, ఎదుటివైపు కింది ఎత్తులో ఎగ్జాస్ట్ ఫ్యాన్లు. దుమ్ము ముఖం మీదికి కాక కిందికి, బయటికి పోవాలి. కారం ఆడించే గదిలో సైక్లోన్ (గాలిని తిప్పి దుమ్మును వేరుచేసే పరికరం), దాని వెనక బ్యాగ్ ఫిల్టర్ ఉండాలి. అక్కడ పనిచేసేవాళ్లకు ఎన్95 మాస్కులివ్వండి, కండువా చాలదు. కారం పొడి మంటకు అంటుకునే దుమ్ము కూడా. దూలాల మీద పేరుకున్న పొడిని చీపురుతో రేపకుండా వ్యాక్యూమ్‌తో తీయాలి, వెల్డింగ్ ఆ గదిలో చేయకూడదు.

రేకుల షెడ్డు, మే నెల. రెంటచింతల ఎండలు పేపర్లో చదివి అయ్యో అనుకునేవాళ్లు తమ రేకుల కింద ఉష్ణోగ్రత ఒక్కసారి కొలవాలి. పైకప్పుకు తెల్ల రంగు వేయించండి. పని ఉదయం ఆరుకు మొదలుపెట్టి ఎండ ముదిరే వేళకు ఆపండి. ఎండలో పనిచేసేవాళ్లు ప్రతి 15–20 నిమిషాలకూ ఒక గ్లాసు, అంటే 250 మిల్లీలీటర్లు తాగాలి. ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తున్నారంటే మరుగుదొడ్డి చూడండి. శుభ్రంగా లేకపోతే, గడియ సరిగా పడకపోతే, మగవాళ్ల ముందు నుంచి నడిచి వెళ్లాల్సి వస్తే దాహాన్ని అణచుకుంటారు, మూత్రనాళ ఇన్ఫెక్షన్లు తెచ్చుకుంటారు. 25 మందికి ఒకటి చొప్పున, లోపల గడియ, దీపం, నీళ్లు, మూత ఉన్న డబ్బా ఉండాలి.

కోల్డ్ స్టోరేజీ మీదైనా అద్దెదైనా నాలుగు సంగతులు అడగండి: అమ్మోనియా డిటెక్టరు 25 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 25 భాగాలు) దగ్గరే మోగుతుందా, గాలివాటు చూపే గుడ్డ గొట్టం పైకప్పు మీద ఉందా, ఊపిరి పరికరాలు రెండు సెట్లు కంప్రెసర్ గది బయట ఉన్నాయా, చేరుకునే చోట్లు రెండు వ్యతిరేక దిక్కుల్లో ఉన్నాయా. 300 పీపీఎం దగ్గర ప్రాణాపాయం. పారిపోవాల్సింది గాలికి అడ్డంగా, ఆపైన ఎదురుగా. గాలి వెంట పరిగెత్తితే గ్యాసూ వెంటే వస్తుంది. పరికరాలను కంప్రెసర్ గదిలోపలే పెట్టడం తరచుగా కనిపించే తప్పు. లీకైన గదిలోకి వెళ్లి వాటిని తెచ్చేదెవరు?

గోదాములో పురుగులు చంపే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెట్టిన రోజుల్లో హమాలీలు, వాచ్‌మన్ అక్కడ పడుకోకుండా చూడండి. మూడు గ్రాముల బిళ్ల ఒక గ్రాము ఫాస్ఫీన్ అనే విషవాయువును వదులుతుంది. తలుపు దగ్గర తెలుగులోనూ హిందీలోనూ, పుర్రె బొమ్మతో బోర్డు పెట్టండి.

అడుగు 6: ఫిర్యాదు వినే దారి

పదిమంది పనిచేసే చోట 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు మహిళ, సభ్యుల్లో సగం తగ్గకుండా మహిళలు, బయటి నుంచి ఒకరు. షెడ్డులో పనిచేసే ఒకామె అందులో లేకపోతే ఆ కమిటీ కాగితం మీదే ఉంటుంది. ఫిర్యాదుకు మూడు నెలల గడువు, విచారణకు 90 రోజులు.

మిగతా ఫిర్యాదుల కోసం పెట్టెలు పెడతారు. రాయడం రానివాళ్లకు పెట్టె ఎందుకు? మేస్త్రికి, సూపర్‌వైజర్‌కు సంబంధం లేని ఒక మహిళ ఫోన్ నంబరు చీటీ వెనక అచ్చు వేయించండి. ఏడు రోజుల్లో జవాబు చెప్పాలి, ఏం చేశారో ఒక పుస్తకంలో రాయాలి. ఏడాదిపాటు ఒక్క ఫిర్యాదూ రాకపోతే అంతా బాగుందని అనుకోకండి. ఆ నంబరును ఎవరూ నమ్మడం లేదని అర్థం.

అడుగు 7: కరెంటు, తొడిమలు, పొలం

కర్బన లెక్కకు ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. పన్నెండు నెలల కరెంటు బిల్లులు, డీజిల్ బిల్లులు చాలు. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోలు, డీజిల్ లీటరుకు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఏడాదికి 4 లక్షల యూనిట్లు, 6,000 లీటర్లు వాడితే కరెంటుకు 280 టన్నులు, డీజిల్‌కు 16 టన్నులు. కోల్డ్ స్టోరేజీ ఉంటే బిల్లులో పెద్ద భాగం అక్కడే. చిరిగిన తలుపు రబ్బరు, పాచి పట్టిన కండెన్సర్, తడిసిన ఇన్సులేషన్ సరిచేసి, ఆ తర్వాత సోలార్ గురించి ఆలోచించండి. కారే కుండకు పెద్ద కుళాయి పెట్టినట్టు కాకూడదు.

తొడిమలు, తాలు తగలబెట్టొద్దు. ఆ పొగ పక్కవాళ్ల గొంతులో పడుతుంది. బాయిలరున్న యూనిట్‌కు ఇంధనంగానో కంపోస్టుకో ఇచ్చి, తూకం చీటీ దాచండి. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి గడువు ఎప్పుడు ముగుస్తుందో ఆరు నెలల ముందే గుర్తుచేసే ఏర్పాటు చేసుకోండి.

మిర్చి మార్కెట్ యార్డులో కమీషన్‌దారు దగ్గర కొన్న టిక్కీ ఏ ఊరి పొలానిదో చెప్పడం కష్టం. అందుకే మొదటి ఏడాది మీ కొనుగోలులో పదో వంతైనా నేరుగా రైతుల నుంచి తీసుకోండి. వాళ్లకు కావాల్సింది ఉపన్యాసం కాదు. కల్లంలో పరవడానికి టార్పాలిన్, ఏ మందు ఎప్పుడు ఆపాలో చెప్పే మనిషి, కొట్టేవాళ్లకు ముఖానికి కవచం, అవశేషాలు లేని కాయకు క్వింటాకు కొంత ఎక్కువ ధర కావాలి. ఆ ధర లేకపోతే మిగతావి ఏవీ నిలవవు.

అడుగు 8: ఇప్పుడు పాలసీ, ఆడిట్, ధర

పైవన్నీ కనీసం ఒక సీజను నడిచాక రెండు పేజీల పాలసీ తెలుగులో రాయండి. ఎవరి బాధ్యత ఏమిటో హోదాతో సహా పెట్టండి. కేంద్రం 2019లో తెచ్చిన బాధ్యతాయుత వ్యాపార మార్గదర్శకాల్లో తొమ్మిది సూత్రాలున్నాయి, మీ పాలసీ శీర్షికలను వాటికి సరిపోల్చుకోండి. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అడిగే బీఆర్ఎస్ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత) నివేదిక అతిపెద్ద వెయ్యి లిస్టెడ్ కంపెనీలకే తప్పనిసరి అయినా, వాళ్లకు సరుకిచ్చే మీ దగ్గరికీ ఆ ప్రశ్నలు వస్తాయి. నిర్బంధ శ్రమతో తయారైన వస్తువులపై యూరోపియన్ యూనియన్ నిషేధం 2027 డిసెంబరు 14 నుంచి వర్తిస్తుంది. అడ్వాన్సుల పుస్తకం ఎంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆడిట్ కోసం రెండో హాజరు పట్టీ రాయకండి. కిలోల చీటీలు, గేటు రిజిస్టరు, ప్యాకింగ్ ఉత్పత్తి పక్కపక్కన పెడితే అనుభవమున్న ఆడిటర్ అరగంటలో పట్టేస్తాడు. ఓవర్‌టైం ఎక్కువైందని ఒప్పుకుంటే సరిదిద్దుకునే గడువు ఇస్తారు. దొంగ లెక్క దొరికితే కొనుగోలుదారు పోతాడు, షెడ్డులో ఆడవాళ్ల పనీ పోతుంది.

ఒప్పందం కుదుర్చుకునేటప్పుడు కొనుగోలుదారును అడగాల్సినవి కూడా ఉన్నాయి. కొటేషన్‌లో తొడిమల కూలి కిలోకు ఎంతో వేరే వరుసలో చూపించండి, ధర తగ్గించమన్నప్పుడు ఆ వరుసను బేరంలోకి రానివ్వొద్దు. ఏప్రిల్, అక్టోబరు సవరణలకు తగ్గట్టు ధర మారేలా ఒక నిబంధన పెట్టండి. ఆర్డరు పరిమాణం ఆఖరి వారంలో పెంచితే గడువు కూడా పెరగాలని రాయించండి, ఎందుకంటే రాత్రి పది దాకా షెడ్డులో లైట్లు వెలగడానికి తరచూ కారణం ఆ ఒక్క ఈమెయిలే.